బ్రాకెట్లో పేరు చూసి ప్లాటు అమ్మకండి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఆర్టీసీ కండక్టర్ని. మాది సూర్యాపేట. మా పెద్దమ్మాయి ఇంటర్ ఎంపీసీ పాసైంది. ఎప్‌సెట్‌లో (పాత ఎంసెట్) 26 వేల పైన ర్యాంకు వచ్చింది. లెక్కలంటే ఇష్టం, ఫిజిక్స్ అంటే భయం. మొదటి విడత కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా కింద ఒక కొత్త కాలేజీలో సీఎస్ఈ ఏఐ అండ్ ఎంఎల్ (కంప్యూటర్ సైన్స్‌లో కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) సీటు వచ్చింది. రెండో విడతలో ఒక పాత కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) రావచ్చని అంటున్నారు. మా బావమరిదేమో హైదరాబాద్‌లో పేరున్న కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటాలో మామూలు సీఎస్ఈ మాట్లాడతాను, అంతా కలిపి 15 లక్షలవుతుంది, ప్లాటు అమ్మెయ్ అంటున్నాడు. డాలస్‌లో ఉండే పక్కింటి అబ్బాయి ఫోన్ చేసి "ఏఐ వచ్చాక కోడింగ్ ఉద్యోగాలే ఉండవు అంకుల్" అన్నాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. అమ్మాయిని అడిగితే "మీ ఇష్టం నాన్నా" అంటోంది. ఏం చేయమంటారు? నా పేరు రాయకండి.

జవాబు: అన్నా, పేరు వద్దన్నారు కాబట్టి ఇలాగే పిలుస్తాను. ముందు ప్లాటు సంగతి తేల్చేద్దాం. అమ్మకండి.

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. 15 లక్షలు పోసి ఆ సీటు తీసుకున్నారనుకోండి. నాలుగేళ్ల తర్వాత అమ్మాయికి క్యాంపస్‌లో ఏదో పెద్ద సర్వీస్ కంపెనీ ఆఫర్ ఇచ్చిందనుకోండి. టీసీఎస్‌లో ఎక్కువమంది ఫ్రెషర్లు చేరే నింజా పోస్టుకు ఏడాదికి ఇచ్చేది 3.36 లక్షలు. అలాంటి మిగతా కంపెనీలదీ కాస్త అటూ ఇటూగా అంతే. పీఎఫ్ కోతలు పోను చేతికొచ్చేది నెలకు పాతిక వేల దగ్గర. అందులోంచి హాస్టలు, తిండి, ఫోను. సిటీ బస్సు అమ్మాయిలకు ఫ్రీ కాబట్టి ఆ ఒక్కటి తీసేయండి, ఆ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఇటువైపు అదే 15 లక్షలకు నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా నెలకు 15 వేలు. పదేళ్ల కిందట కూడా ఈ ఫ్రెషర్ జీతం మూడు లక్షల పైచిలుకే. ప్లాట్ల ధరలు, కాలేజీ ఫీజులు, పాల ప్యాకెట్ అన్నీ పెరిగాయి గానీ అది మాత్రం కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

ఇంకా ఒక మాట. ఫీజుల కమిటీ ఖరారు చేసిన దాని మీద అదనంగా గుంజేది డొనేషన్. దాన్ని నిషేధిస్తూ మన దగ్గర 1983లోనే చట్టం వచ్చింది. కాబట్టి ఆ డబ్బుకు రసీదు ఉండదు. అమ్మాయికి అక్కడ నచ్చకపోయినా, మధ్యలో ఇంకెక్కడైనా మంచి సీటు వచ్చినా, వెనక్కి ఇమ్మని అడగడానికి మీ చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు. రోజంతా టికెట్ కొట్టి చేతికిచ్చే మనిషి, రసీదు లేకుండా 15 లక్షలు ఇచ్చి రావడమేంటి?

ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. బీసీ, ఈబీసీలకు దాని ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఆర్టీసీ జీతం ఆ గీత దాటుతుంది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకుండానే లెక్క వేసుకోండి. అంటే కన్వీనర్ సీటుకైనా నాలుగేళ్ల ఫీజు మీ జేబులోంచే పోతుంది. ప్లాటు జోలికి వెళ్లొద్దనడానికి అదీ ఒక కారణం.

ఇక సీఎస్ఈ పక్కన ఈ బ్రాకెట్ల గొడవ. వెబ్ ఆప్షన్ల పేజీ తెరిస్తే ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐఓటీ (వస్తువుల్ని ఇంటర్నెట్‌కు కలపడం), ఇవి కాక ఐటీ, సీఎస్‌బీఎస్ (కంప్యూటర్ సైన్స్‌తో పాటు బిజినెస్), ఏఐ అండ్ డీఎస్ (ఏఐతో పాటు డేటా సైన్స్)... టిఫిన్ సెంటర్ గోడ మీద దోసెల బోర్డులా ఉంటుంది. పిండి ఒకటే, పైన వేసేది వేరు.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు. హైదరాబాద్ జేఎన్‌టీయూ సైట్లో ప్రతి బ్రాంచి సిలబస్ పీడీఎఫ్‌గా ఉంటుంది. నిరుడు ఒక తండ్రి ఇదే ప్రశ్నతో వస్తే సీఎస్ఈ, ఏఐఎంఎల్ రెండింటి సబ్జెక్టుల పట్టికలూ ప్రింట్ తీసి టేబుల్ మీద పక్కపక్కన పరిచాం. రెండిట్లోనూ ఉన్న సబ్జెక్టు కనపడగానే ఆయన పెన్సిల్‌తో టిక్ పెడుతూ వచ్చారు. మొదటి ఏడాది లెక్కలు, ప్రోగ్రామింగ్, ఇంగ్లిష్, టిక్కు మీద టిక్కు. రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, జావా, మళ్లీ టిక్కులే. మూడో ఏడాదికి వచ్చేసరికి పెన్సిల్ అక్కడక్కడా ఆగడం మొదలైంది. అటు బ్రాంచిలో ఒకటి ఎక్కువ, ఇటు బ్రాంచిలో ఇంకొకటి ఎక్కువ. చివరికి తేడా వచ్చిన సబ్జెక్టులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మెషీన్ లెర్నింగ్ మామూలు సీఎస్ఈ వాళ్లకూ ఉంది. ఆయన పెన్సిల్ కింద పెట్టి "దీనికోసమా మా ఇంట్లో నెల రోజులుగా గొడవ" అన్నారు.

మరి ఇన్ని పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయంటే, 2019లో హైదరాబాద్ ఐఐటీ కృత్రిమ మేధలో బీటెక్ మొదలుపెట్టింది. అక్కడ దాని మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్న ప్రొఫెసర్లు ముందే ఉన్నారు, కోర్సు తర్వాత వచ్చింది. మన ప్రైవేటు కాలేజీల్లో చాలాచోట్ల ఇది తిరగబడింది. ముందు కోర్సు వచ్చింది, చెప్పేవాళ్ల కోసం ఆ తర్వాత వెతకడం మొదలైంది. 2024-25 నుంచి ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లే ఉండాలన్న పరిమితిని ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ ఎత్తేసింది. దాంతో సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని ఈ వైపు పెంచుకున్న కాలేజీలు బోలెడు. నిన్నటిదాకా లేత్ మిషన్ ఉన్న గదికి ఇవాళ ఏఐ ల్యాబ్ అని బోర్డు. పాఠం చెప్పేది ఎవరు? నిన్న సీఎస్ఈకి చెప్పిన మా లాంటి లెక్చరర్లమే. నాకు ఆ సబ్జెక్టు ఇచ్చినప్పుడు నేను కూడా ముందు రోజు రాత్రి చదువుకుని పొద్దున చెప్పిన పాఠాలున్నాయి. సిగ్గుపడే మాటే, కానీ నిజం.

పేర్ల మోజు కొత్తదేమీ కాదు. నేను 1997లో చేరిన బ్రాంచి పేరు సీఎస్ఐటీ, అంటే కంప్యూటర్ సైన్స్ అండ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ. అప్పట్లో అదే కొత్త, అదే గొప్ప. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిస్తే మా బ్యాచ్ బస్సు కట్టించుకుని వెళ్లి దాని ముందు ఫొటో దిగింది. 2001లో పాసయ్యాం. ఆ సరికి అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు కూలిపోయాయి. నాకు ఆఫర్ లెటర్ ఇచ్చిన కంపెనీ జాయినింగ్ డేటు మూడుసార్లు వాయిదా వేసి, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది. మా నాన్న కనపడ్డవాళ్లకల్లా ఆ లెటర్ జిరాక్స్ చూపించి ఉన్నారు. ఇక ఆయన పరిస్థితి ఊహించుకోండి. ఏడాదిన్నర పాటు ఊళ్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పాను. "సాఫ్ట్‌వేర్ పనైపోయింది" అని అప్పుడూ అన్నారు. 2008లోనూ అన్నారు. రెండుసార్లూ మళ్లీ లేచింది. అలాగని ఇప్పుడూ అలాగే లేస్తుందని మీకు హామీ రాసివ్వలేను, ఎందుకంటే ఈసారి గాలి వేరు.

డాలస్ అబ్బాయి మాటలో సగం నిజం ఉంది. 2021-22లో కంపెనీలు ఎగబడి మరీ ఫ్రెషర్లను తీసుకున్నాయి, ఆ మరుసటి ఏడాది నుంచే బ్రేకులు వేశాయి. 2022 నవంబర్లో చాట్‌జీపీటీ వచ్చింది. ఇప్పుడు చిన్నచిన్న వెబ్ పేజీలు, మామూలు టెస్ట్ కేసులు, ఒక చోట రాసిన కోడ్‌ని ఇంకో భాషలోకి మార్చడం, ఇలాంటివి ఆ టూల్స్ నిమిషాల్లో చేసి పెడుతున్నాయి. నేను తొమ్మిదేళ్లు టెస్టింగ్‌లో పనిచేశాను. నా మొదటి రెండేళ్లు చేసిన పని ఇవాళ ఒక మనిషికి ఇవ్వరు. బట్టీ పట్టి నాలుగు ప్రోగ్రాములు రాసి ఉద్యోగంలోకి దూరిపోయే దారి ఇరుకైంది. ఆ మేరకు అబ్బాయి చెప్పింది కరెక్టే.

మిగతా సగం మీ బస్సు ఉదాహరణతోనే చెబుతాను. రాత్రి పదకొండుకు విజయవాడ వెళ్లే సూపర్ లగ్జరీలో ఒక్క సీటే మిగిలింది. ఒకామె కూకట్‌పల్లిలో, ఒకాయన దిల్‌సుఖ్‌నగర్‌లో అదే క్షణంలో ఫోన్లో ఆ సీటు మీద నొక్కారు. ఇద్దరి డబ్బులూ బ్యాంకులోంచి బయల్దేరాయి. ఇప్పుడు సీటు ఎవరికి? ఇద్దరికీ టికెట్ వచ్చేస్తే బస్సులో మీ ముందు పంచాయితీ. ఒకరి డబ్బులు పోయి టికెట్ రాకపోతే ఇంకో పంచాయితీ. మధ్యలో నెట్ పోతే? బ్యాంకు డబ్బు ఇచ్చానంటుంది, ఆర్టీసీ సర్వర్ నాకు రాలేదంటుంది. ఈ చిక్కును విప్పడానికి డేటాబేస్ సబ్జెక్టులో ట్రాన్సాక్షన్ అని ఒక పాఠం ఉంది. ఒకరు సీటు పట్టుకున్నంతసేపూ దానికి తాళం ఎలా వేయాలి, పని మధ్యలో ఆగితే మొత్తం వెనక్కి ఎలా తిప్పాలి అన్నది ఆ పాఠం. కోడ్ ఏఐ రాసి పెడుతుంది, బాగానే రాస్తుంది కూడా. కానీ అది రాసినదాంట్లో తాళం సరైన చోట పడిందా లేదా అని చూసేవాళ్లు కావాలి. పడకపోతే పండగ రద్దీలో తప్ప బయటపడదు.

నేను ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూల పక్కన కూర్చుంటాను కాబట్టి చెబుతున్నాను, ఈ మధ్య పిల్లల్ని అడిగేది ఇలాంటివే. "నీ ప్రాజెక్టులో ఈ లైను ఎందుకుంది, తీసేస్తే ఏమవుతుంది?" అంతే. ఆ ఒక్క ప్రశ్నకు 85 శాతం మార్కులున్న పిల్లలు నీళ్లు నమలడం చూశాను. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, నెట్‌వర్క్స్, ఈ నాలుగూ నా సీఎస్ఐటీలోనూ ఉన్నాయి, ఇవాళ అన్ని బ్రాకెట్లలోనూ ఉన్నాయి. బ్రాంచి పేరు నా రెజ్యూమేలో ఎవరూ రెండోసారి చూడలేదు. ఈ నాలుగింటి మీద మాత్రం ఇప్పటికీ బతుకుతున్నాను. ఏఐఎంఎల్ తీసుకుంటే వీటికి తోడు లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా పట్టాలి. మీ అమ్మాయికి లెక్కలు ఇష్టమన్నారు కదా, అది పనికొస్తుంది.

అమెరికా సంగతి మీరు ఎత్తలేదు గానీ మీ బావమరిది ఎత్తుతాడు. అక్కడ ఎంఎస్ చేసినవాళ్లకు చదువయ్యాక ఒక ఏడాది, ఈ కోర్సులకైతే ఇంకో రెండేళ్లు పని చేసుకునే వీలుంది. ఆ తర్వాత కావాల్సింది హెచ్-1బీ ఉద్యోగ వీసా. 2025 సెప్టెంబర్లో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. అక్కడి రూల్స్ ఎప్పుడెలా మారతాయో ఎవరి చేతిలోనూ లేదు. దాన్ని నమ్ముకుని ఇక్కడ బ్రాంచి ఎంచుకోకండి.

ఇప్పుడు ఈసీఈ. ఇది తక్కువ చదువేం కాదు. చిప్ డిజైన్ కంపెనీలు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి, వాటికి వీఎల్ఎస్ఐ (చిప్‌లు డిజైన్ చేసే సబ్జెక్టు) తెలిసిన పిల్లలు కావాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు క్యాంపస్‌కు వస్తే ఈసీఈ వాళ్లనూ కూర్చోనిస్తాయి. ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్‌లో కంప్యూటర్ సైన్స్ పేపర్ ఈసీఈ వాళ్లూ రాయొచ్చు. కానీ "ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్దాంలే" అనుకుని చేరే పిల్లల్ని చూస్తే జాలేస్తుంది. నెట్‌వర్క్ థియరీ, సిగ్నల్స్, విద్యుదయస్కాంత తరంగాలు, ఇవన్నీ ఫిజిక్స్ ఒంట్లో ఉన్నవాళ్లకే సుఖం. ఫిజిక్స్ అంటే భయం అని మీరే రాశారు. సీఎస్ఈలోనూ మొదటి ఏడాది ఫిజిక్స్ ఉంటుంది, కానీ దాన్ని ఒక సెమిస్టర్ ఓర్చుకుంటే చాలు. ఈసీఈలో నాలుగేళ్లూ దానితోనే కాపురం. మీ అమ్మాయికి నేనైతే ఈసీఈ చెప్పను, కాలేజీ ఎంత పాతదైనా సరే.

అలాగని చేతిలో ఉన్న కొత్త కాలేజీ సీటుతో సరిపెట్టుకోమనీ అనను. మీరు నాలుగో దారి రాయలేదు. అదేంటంటే, పాత కాలేజీల్లో సీఎస్ఈ కుటుంబంలోని ఏ బ్రాంచి అయినా సరే. ఐటీ అనండి, సీఎస్‌బీఎస్ అనండి, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐఓటీ, ఏది దొరికితే అది. జనం మామూలు సీఎస్ఈ, ఏఐఎంఎల్ వెనక పరిగెడతారు కాబట్టి, అదే కాలేజీలో ఈ పక్క బ్రాంచిలు కాస్త వెనక ర్యాంకుకు కూడా వస్తుంటాయి. నిరుటి చివరి ర్యాంకుల పట్టిక కౌన్సెలింగ్ సైట్లో ఉంటుంది. అందులో మీ కేటగిరీ, అమ్మాయిల వరుస చూసి, 26 వేలకు అటూ ఇటూ ఉన్నవి ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. నిరుడు 22 వేలకు మూసుకుపోయినవి కూడా పైన పెట్టండి. పెట్టినంత మాత్రాన పోయేదేం లేదు.

రెండో విడతలో ఒక్కటే జాగ్రత్త. ఇప్పుడు వచ్చిన సీటుకు ఫీజు కట్టి ఆన్‌లైన్లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి పట్టుకుని ఉండండి. ఆ తర్వాత ఇచ్చే ఆప్షన్లలో ఏదైనా కొత్త సీటు వస్తే పాతది ఆటోమేటిక్‌గా పోతుంది, మళ్లీ అడిగినా ఇవ్వరు. కాబట్టి చేతిలో ఉన్నదానికంటే మేలు అని గట్టిగా అనుకున్నవే పెట్టండి. "ఊరికే ఉంటుందిలే" అని ఆ ఈసీఈ పెట్టారో, అదే వచ్చి కూర్చుంటుంది. ఆప్షన్లు నెట్ సెంటర్ కుర్రాడితో పెట్టించకండి. అమ్మాయి చేత పెట్టించి, ఫ్రీజ్ చేసే ముందు వరుస మీరు ఒకసారి పైకి చదవండి.

పాతది, కొత్తది అంటున్నాను గానీ పాతవన్నీ మంచివని కాదు. వెళ్లి చూడాలి. రిసెప్షన్లో సోఫా, గోడ మీద "44 లక్షల ప్యాకేజీ" ఫ్లెక్సీ, వీటిని దాటి లోపలికి వెళ్లండి. ఆ 44 లక్షలు ఒక్కరికి వచ్చింది. మీరు అడగాల్సింది ఆ బ్రాంచిలో 180 మంది ఉంటే తొంభయ్యో వాడికి ఎంత వచ్చిందని. ఆఫర్లు ఎన్ని అని కాకుండా మనుషులు ఎంతమంది అని అడగండి. ఒకే పిల్లకు మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్క కట్టే కాలేజీలున్నాయి. చదువు నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఒకేసారి ఇవ్వరు, బ్రాంచి బ్రాంచికీ విడిగా ఇస్తారు. మీ బ్రాంచికి ఉందా అని అడగండి. మెకానికల్‌కు వచ్చింది చూపించి సరిపెడతారు.

ల్యాబ్ తలుపు దగ్గర కాసేపు నిలబడండి. ఎవరూ ఏమీ అనరు. కంప్యూటర్ల మీద కవర్లు కప్పి ఉన్నాయా? ఒక్కో సిస్టమ్ ముందు ముగ్గురు కూర్చుంటే కీబోర్డు ఎవరి చేతిలో ఉంది? మగపిల్లాడు కొడుతుంటే ఇద్దరు అమ్మాయిలు రికార్డులో రాసుకుంటున్నారా? ఇది నేను కావాలని చెబుతున్నాను, ఎందుకంటే మా ల్యాబ్‌లోనే చూసి చూసి విసిగిపోయాను. రికార్డు చాలా అందంగా ఉంటుంది, రంగు పెన్నులతో గీతలు కొట్టి. వైవాలో "నువ్వే రాసిన ఈ ప్రోగ్రాం ఇక్కడ టైప్ చెయ్" అంటే చేతులు వణుకుతాయి. మీ అమ్మాయి ఏ కాలేజీలో చేరినా మొదటి రోజే చెప్పి పంపండి, కీబోర్డు ముందు కూర్చోమని.

క్యాంటీన్లో మూడో ఏడాది పిల్లలకు టీ ఇప్పించి "డేటాబేస్ మీకు ఎవరు చెప్పారు?" అని అడిగి చూడండి. వెంటనే ఒక సార్ పేరో మేడమ్ పేరో చెబితే మంచి గుర్తు. ఒకరి మొహం ఒకరు చూసుకుని "యూట్యూబ్" అని నవ్వితే మీకు విషయం అర్థమైపోతుంది.

రెండో విడతలోనూ మంచిది రాకపోతే ఏం చేయాలి? చేతిలో ఉన్న ఏఐఎంఎల్‌లోనే చేరొచ్చు, పైన చెప్పిన ల్యాబ్ చూసి మరీ. అదీ బాగాలేదనిపిస్తే బీటెక్కే చదవాలని రూలేం లేదు. దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) ద్వారా మంచి డిగ్రీ కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్స్ గానీ బీసీఏ గానీ చేరి, తర్వాత ఐసెట్ రాసి ఎంసీఏ చేయొచ్చు. ఎంసీఏ ఇప్పుడు రెండేళ్లే, అన్నీ కలిపి ఐదేళ్లు. విప్రో లాంటి కంపెనీలు బీఎస్సీ, బీసీఏ పిల్లల్ని తీసుకుని, ఉద్యోగం చేయిస్తూనే ఎంటెక్ చదివిస్తున్నాయి. మన పెళ్లిళ్లలో "అమ్మాయి బీటెక్" అన్నట్టు వినపడదు, అంతే తేడా. మద్రాస్ ఐఐటీ 2020 నుంచి డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ బీఎస్ నడుపుతోంది. జేఈఈ ర్యాంకు అక్కర్లేదు, నాలుగు వారాలు పాఠాలు విని వాళ్లు పెట్టే క్వాలిఫయర్ పాసవ్వాలి. ఇంకో డిగ్రీ చదువుతూనే ఇదీ చేయొచ్చు, మధ్యలో ఆపినా అప్పటికి పూర్తి చేసిన దశకు సర్టిఫికెట్ ఇస్తారు. పాఠాలు ఆన్‌లైన్ గానీ పరీక్షలు మాత్రం సెంటర్‌కు వెళ్లి రాయాలి. తేలిక కాదు, మధ్యలో వదిలేసేవాళ్లూ ఎక్కువే. లెక్కల మీద ప్రేమ ఉన్న పిల్ల కాబట్టి చెబుతున్నాను.

చివరగా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆపిన మాట "మీ ఇష్టం నాన్నా". నాలుగేళ్లు కూర్చుని చదవాల్సింది అమ్మాయి. ఆ పిల్లకు ఈ పని అసలు ఎలా ఉంటుందో తెలియదు, ఇంటర్ రెండేళ్లూ మనం పుస్తకం మీద నుంచి తల ఎత్తనివ్వలేదు. రెండో విడతకు ముందు దొరికే నాలుగు రోజుల్లో ఒక చిన్న పని ఇవ్వండి.

మీ హైదరాబాద్ ట్రిప్పు ఒకటి తీసుకోండి. సూర్యాపేటలో 38 మంది ఎక్కారు. నకిరేకల్లో 11 మంది దిగారు, 20 మంది ఎక్కారు. నార్కట్‌పల్లిలో 5 దిగారు, 9 ఎక్కారు. చిట్యాలలో 12 దిగారు, 3 ఎక్కారు. వాళ్లలో ఎవరిది జీరో టికెట్ (ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్), ఎవరిది డబ్బు టికెట్ అన్నది కూడా ఒక కాగితం మీద రాసివ్వండి. మొత్తం జీరో టికెట్లు ఎన్ని, బస్సు ఏ స్టేజీ తర్వాత అన్నిటికంటే కిక్కిరిసింది, ఈ రెండూ కంప్యూటర్ చెప్పేలా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయమనండి. పైథాన్ మొదటి పాఠాలు తెలుగులోనే యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతాయి, బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే గూగుల్ కొలాబ్ తెరిస్తే ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. చేత్తో లెక్క వేస్తే నార్కట్‌పల్లి దాటాక 51 మంది అని మీకు ఎలాగూ తెలుస్తుంది, ప్రోగ్రాం కూడా అదే చెప్పాలి. చెప్పాక మీరు కావాలని ఒక తప్పు అంకె ఇవ్వండి. బస్సులో ఉన్నవాళ్లకంటే దిగినవాళ్లు ఎక్కువ అన్నట్టు. అప్పుడు అది ఏం చేస్తుందో చూడమనండి. ఆ తర్వాత అదే లెక్క చాట్‌జీపీటీకి ఇచ్చి, అది రాసిన ప్రతి లైనూ మీకు తెలుగులో విడమర్చి చెప్పమనండి. మీకు అర్థం కాని చోట ఆపి అడగండి, మొహమాటపడొద్దు.

సరిగ్గా రాసిందా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు, నాలుగు రోజుల్లో ఎవరికీ రాదు. తప్పు వచ్చినప్పుడు ఫోన్ పక్కన పడేసి టీవీ ముందు కూర్చుందా, అన్నానికి పిలిస్తే "ఒక్క నిమిషం నాన్నా" అందా, అది చూసి నాకు రాయండి. మొదటిదైతే వేరే డిగ్రీల గురించి మాట్లాడుకుందాం, ఆ పిల్లలో లోపమేమీ లేదు. రెండోదైతే ఆప్షన్ల నోట్‌బుక్కు తీయండి.

కాలేజీలు చూడటానికి వీక్లీ ఆఫ్ రోజున ఇద్దరూ కలిసి వెళ్లండి. బావమరిది కారులో వద్దు, బస్సులోనే వెళ్లండి. కాలేజీ గేటు నుంచి సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికో, ల్యాబ్ ఐదింటికి వదిలితే అది అందుతుందో లేదో కూడా చూసుకుని రండి. హాస్టల్ తీసుకోకపోతే నాలుగేళ్లూ ఆ బస్సే దిక్కు.